మాల తీసే రోజు

నంద్యాలలో ఆ సందు మొదట్లో వాసవాంబ అప్పటికి మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. చీరకు ఫాల్ కుట్టించుకొస్తానని అత్తతో చెప్పి ఆళ్లగడ్డలో బస్సెక్కింది. చేతి కవర్లో చీరే ఉంది. చీర మడతలో ఒక ఫోన్ నంబరు ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఆదివారం నాలుగింటికి రావచ్చని ఆసుపత్రి గోడ మీద చూసి రాసుకుంది. చర్చి వెనక బడి గదికి రమ్మని ఫోన్లో చెప్పారు.

ఎవరైనా చూస్తే? శెట్టిగారి కోడలికి చర్చి వెనక ఏం పని అంటే?

రేపు పొద్దున భర్త సీతారాం శబరిమల నుంచి వస్తాడు. గుడిలో మాల తీస్తారు. ఆమె భయమంతా అదే. మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ అతను చుక్క ముట్టడు. ఇంట్లో ఆమె కూడా అతన్ని స్వామీ అనే పిలుస్తుంది. పోయిన సంవత్సరం మాల తీసిన రోజే స్నేహితులు భోజనమని తీసుకుపోయారు. సాయంత్రం కూతురు భరణిని ట్యూషన్ నుంచి తెస్తూ స్కూటర్‌ను కల్వర్టుకు గుద్దాడు. పదేళ్ల పిల్ల మోచేతిలో ఇంకా ఇనుప ప్లేటుంది. నిన్న అన్నం తింటూ ఆ పిల్ల అడిగింది.

"అమ్మా, సోమవారం ట్యూషన్‌కాడికి నాయనొస్తాడా? వద్దులేమా, నేను నడిసొస్తా."

ఆ మాట గుర్తొచ్చి, వాసవాంబ సందులోకి అడుగు పెట్టింది.

గదిలో చిన్నపిల్లల బెంచీలు. వాటి మీద పెద్ద మగవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. బక్కపల్చటి మనిషి ఒకాయన లేచాడు.

"నేనేమ్మా ఎడ్విన్. ఫోన్లో మాట్లాడింది నేనే. ఈడ ఇంటిపేరు అడగం, ఊరు అడగం. కూర్చో, టీ తాగు."

ఆమె తలుపు పక్కనే కూర్చుంది. అంతలో తెల్ల పంచెతో ఒకాయన లోపలికొచ్చాడు. రుద్రవరం లక్ష్మీనారాయణ రెడ్డి. పెళ్లికైనా పేరంటానికైనా ఆయన ఇంటి సరుకుల చీటీ వీళ్ల అంగడికే వస్తుంది. ఆయన ఒక్క మాట అంటే సాయంత్రానికి బజారంతా పాకుతుంది. వాసవాంబ కొంగు ముఖం మీదికి లాక్కుని లేచింది.

ఆయన కూడా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"శెట్టెమ్మా, నన్ను ఈడ జూసినట్టు మా ఊర్లో చెప్పొద్దు తల్లీ."

"నేనూ అదే అడుగుదామనుకుంటాండానన్నా."

ఎడ్విన్ నవ్వాడు. "నెలకొక జత ఇట్లే గుమ్మంలో ఒకరికొకరు దండాలు పెట్టుకుంటాండారు. రాండప్పా, టీ చల్లారిపోతాంది."

మాట్లాడే వంతు తనకు వచ్చినప్పుడు వాసవాంబ రేపటి సంగతి చెప్పింది. ఈసారైనా అయ్యప్ప మాన్పిస్తాడేమోనని ఆశగా ఉందని కూడా చెప్పింది. లక్ష్మీనారాయణ తల అడ్డంగా ఊపాడు.

"నేను నాలుగుసార్లు వేసుకున్నా తల్లీ. లోపల్లోపల ఎప్పుడు తీస్తారా అని దినాలు లెక్కబెడతాంటి. తీసినాక ఇంగెవరి మాటా చెవికెక్కదు. మెడలో ఉండంగానే అడుగు. మాలలో కోపం చేయగూడదు గదా, వినక యాడికి పోతాడు?"

"గుడికాడ అందరుంటారన్నా..."

"నేనొస్తాలే. బయట జీపులో ఉంటా."

"నిన్ను చూస్తే?"

"చూడనీ" అన్నాడాయన.

"ఆదివారం దాకా ఆగొద్దు. రేపే తీసుకురాండి, నేను ఈడనే ఉంటా" అన్నాడు ఎడ్విన్.

మర్నాడు ఆళ్లగడ్డ గుడిలో సీతారాం తల వంచి నిలబడ్డాడు. తల్లి చేత మాల తీయించడం వాళ్ల ఇంటి పద్ధతి. రామేశ్వరమ్మ చేతులు కొడుకు మెడ దాకా వచ్చాయి. గేటు దగ్గర బండి మీద కూర్చున్న స్నేహితుడు హరీశ్ అరిచాడు.

"బేగా కానీ స్వామీ! ఇంకో ఐదు నిమిషాలకు మా సీతారామన్నవైతావు. భోజనాలు రెడీగా ఉండాయి!"

అందరూ నవ్వారు. వాసవాంబ అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఒక్క నిమిషం. స్వామీ..."

"చెప్పు మాతా."

"ఈడ నుంచి నేరుగా నంద్యాలకు పోదాం. తాగుడు మానినోళ్లు ఆడ కూడతాండారు. నేను నిన్న పోయొచ్చినా."

"గుడిలో ఏం మాటలే ఇవి!" అంది అత్త.

సీతారాం ముఖం జేవురించింది. వాసవాంబ చెయ్యి దానంతటదే ముఖానికి అడ్డంగా లేచింది. ఇంట్లో అతను తాగొచ్చినప్పుడు లేచినట్టే. ఇక్కడ అందరి ముందూ లేచింది. సీతారాం ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత మాలను గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అమ్మా, తీయొద్దు. అప్పుడే తీయొద్దు."

గొంతు తగ్గించాడు. "నిన్న కొండ దిగినప్పటి నుంచి నోరూరుతాంది, వాసవా. నాకు భయమైతాంది. ఆడ ఏమడుగుతారు?"

"పేరొక్కటే."

బయట లక్ష్మీనారాయణ జీపు దిగి, బజారంతా చూస్తుండగా తలుపు తీసి పట్టుకున్నాడు. "ఏందన్నా, యాడికి పోతాండావ్?" అని హరీశ్ అరుస్తూనే ఉన్నాడు. సీతారాం మాలను వదలకుండానే ఎక్కాడు. పక్కనే వాసవాంబ కూర్చుంది.

జీపు శిల్పాలు చెక్కే షెడ్లు దాటింది. భరణి ట్యూషన్ వదిలేది ఐదింటికి. అప్పటికి ఈ మనిషి ఎట్లా ఉంటాడో వాసవాంబకు తెలియదు.

"స్కూటర్ తాళం యాడుంది?" అన్నాడు సీతారాం ఉన్నట్టుండి.

ఆమె అతని వైపు తిరిగింది. "ఇంట్లో."

"నాకు తెలీకుండా దాచిపెట్టు. నేను అడుగుతా. అరుస్తా కూడా. ఇయ్యొద్దు."