కూతురి డబ్బాలో అమ్మ దగ్గు

లుకాయాలో బస్సు ఆగిందంటే చాలు, రోడ్డు పక్కన గోంజా కాల్చే ఆడవాళ్ళందరూ వేడి వేడి అరటిపళ్ళు చేతబట్టుకుని కిటికీల మీదికి ఎగబడతారు. నంతాలే మాత్రం ఈ మధ్య వెనకబడిపోతోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఆ వెనకే దగ్గు. అడిగినవాళ్ళకు "పొగ" అని ఒక్క మాటతో తేల్చేసేది. ఊహ తెలిసినప్పటినుంచీ బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న మనిషికి పొగదగ్గు కాక ఇంకేం వస్తుంది? నడుముకు చుట్టిన గుడ్డ వదులవుతుంటే అది దిగులువల్ల అనుకునేది. దిగులుకు ఆమె దగ్గర ఎన్నడూ లోటు లేదు.

ఇప్పటి దిగులు పేరు నబోసా. ఒక్కగానొక్క కూతురు. ఊళ్ళో ఆటపాటల జట్టులో ముందు వరసలో ఆడుతుంది. శనివారం ఎంపిగిలో ఎవరింట్లోనో పెళ్ళిమాటల వేడుక ఉంది, అక్కడ ఆడాలని రోజూ సాధన. సోమవారం నాడు పాట మధ్యలో నబోసాకు దగ్గొచ్చింది. ఆపుకుందామన్నా ఆగని, డప్పుల మీదుగా వినపడేంత దగ్గు. నంతాలే చేతిలోని విసనకర్ర జారి నిప్పుల్లో పడింది.

"అయిపోయింది. నా పిల్లకు టీబీ" అంది.

పక్క కుంపటి దగ్గర కూర్చునే ముసలావిడ పకపకా నవ్వింది. ఊరంతా ఆమెను జజ్జా అనే పిలుస్తారు. "పోయిన నెల మొటిమ వస్తే కంతి అన్నావు. దానికి ముందు కాలు బెణికితే కుంటిదైపోయిందని ఏడ్చావు. పిల్ల ఒక్కసారి దగ్గింది. నువ్వు పొద్దున్నుంచీ నా చెవుల తుప్పు వదిలిస్తున్నావు, ముందు నీ దగ్గు సంగతి చూసుకో."

"నాది పొగ, జజ్జా."

"నాకూ ఇదే పొగ. నేను దగ్గుతున్నానా?"

ఆ మాట నంతాలే చెవికెక్కలేదు. ఆమె అక్క పోయింది టీబీతోనే. అప్పుడు మందులు ఇంటిదాకా వచ్చేసరికి మనిషి లేదు. ఆ అక్క కూడా ముందు వరసలో ఆడేది.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని రెక్క పట్టుకుని సర్కారు ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ ముసావో సెంపాలా అని ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. టీబీ మీద ఏదో పరిశోధన చేస్తున్నారట, దగ్గుతో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ఓపిగ్గా చెబుతున్నాడు.

"ఇదిగో తల్లీ, వేలి కొసనుంచి ఒక్క చుక్క రక్తం తీస్తాం. లోపలికి శత్రువు వస్తే రక్తం కేక వేస్తుంది. ఆ కేక ఈ యంత్రానికి వినపడుతుంది. చిక్కేమిటంటే, టీబీ వచ్చినా అదే కేక, మామూలు జలుబు వచ్చినా ఇంచుమించు అదే కేక. మన దగ్గర జలుబులకు కొదవ లేదు గదా. ఏ కేకని నమ్మాలో తేల్చుకోవడానికే ఈ తిప్పలన్నీ."

"అచ్చం మా అమ్మే" అంది నబోసా. "బల్లి పడ్డా అదే కేక, పాము దూరినా అదే కేక."

వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. నంతాలే కూతురి వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే అక్కడే నిమిరింది.

నబోసా రక్తం కేక వేసింది. గట్టిగానే వేసింది. పొడుగాటి దూదిపుల్లతో ముక్కులోంచి కూడా తీసుకున్నారు. ఇక మిగిలింది గళ్ళ, దగ్గితే వచ్చే కఫం. ఆఖరి మాట దానిదేనట. ముసావో చిన్న మూతడబ్బా మీద పిల్ల పేరు రాసి చేతికిచ్చి, వెనక పనసచెట్టు కింద గాలిలో నిలబడి దగ్గి తెమ్మన్నాడు.

పిల్ల వెళ్ళింది, వచ్చింది. ముసావో ముందు మర్యాదగా రెండు మోకాళ్ళూ నేలకాన్చి, తల వంచి, రెండు చేతులతో డబ్బా అందించింది. ఆయన వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది ఉమ్మి. నాకు కావలసింది గుండెల్లోంచి వచ్చే చిక్కటి గళ్ళ. కాండ్రించాలి."

నబోసా నేల చూపులు చూసింది. మరో డబ్బా ఇచ్చాడు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని నురగ లాంటి ఉమ్మి అందించింది.

"అమ్మా, మీ అమ్మాయికి కాండ్రించడం రాదా?"

నంతాలే ముఖం మాడిపోయింది. వస్తుందా? రాకుండా పెంచింది తనే గదా! పెద్దల ముందు ఉమ్మకూడదు, నలుగురిలో గొంతు సవరించకూడదు, వచ్చిందాన్ని మింగెయ్యాలి, ఆడపిల్ల నోరు చప్పుడు చెయ్యకూడదు. ఎన్ని మొట్టికాయలు వేసి నేర్పిందో! ఊరంతా మెచ్చుకునే మర్యాద ఇవాళ పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

"నేను నేర్పిస్తాను, బాబూ" అని మూడో డబ్బా తీసుకుంది.

పనసచెట్టు కింద అరుగు మీద ముగ్గురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నబోసా వాళ్ళకేసి చూసి ముడుచుకుపోయింది.

"అమ్మా, వాళ్ళు చూస్తున్నారే."

"చూడనీ. వాళ్ళేం పెళ్ళిచూపులకొచ్చారా? ఊపిరి లోపలికి లాగు. పొట్ట బిగించు. ఇప్పుడు అడుగునుంచి లాక్కురా. ఖ్ర్!"

"క్."

"అదేమిటే, పిల్లి తుమ్మినట్టు! ఇలా!"

నంతాలే డబ్బా నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. గుండెల అడుగునుంచి, వీపంతా కదిలిపోయేలా ఒక్కటి కాండ్రించింది. అరుగు మీది మగవాళ్ళలో ఒకతను "శభాష్" అన్నాడు. డబ్బాలో ముసావో అడిగిన చిక్కటి సరుకు, అడిగినదానికన్నా ఎక్కువే, వచ్చి పడింది.

తల్లీ కూతుళ్ళు డబ్బా వంక చూశారు. లోపలినుంచి ముసావో పిలుస్తున్నాడు. నంతాలే టక్కున మూత బిగించింది.

"అమ్మా! అది నీది!"

"ష్. ఒక ఇల్లు, ఒక కుండ, ఒకే చాప. నీలో ఉన్నది నాలో ఉండదా? నువ్వు నా కడుపులోంచే గదా వచ్చావు."

"అలా కుదరదేమోనే..."

"ఇవాళ ఇవ్వకపోతే రేపు రమ్మంటారు. శనివారం దగ్గరికొచ్చేసింది. పద."

ఆమె మనసులో ఇంకో మాట కూడా ఉంది. కూతురికి చెప్పలేదు. తనది వట్టి పొగదగ్గు, అందులో ఏమీ ఉండదు, ఏమీ లేదని తేలితే పిల్లకీ లేనట్టే. అంత తేలిగ్గా తేలిపోతే ఎంత బాగుంటుంది!

ఇంటికి వచ్చాక మళ్ళీ భయం మొదలు. నబోసా కప్పు వేరు చేసింది, కంచం వేరు చేసింది, పడక కిటికీ కిందికి మార్చింది. అన్నం దగ్గర కూర్చోబెట్టి మటోకె అరటిముద్ద మీద వేరుశనగ పులుసు కుమ్మరించి, "తిను, బలం కావాలి" అంది. పిల్ల తింటుంటే, "ఇంత ఆకలేమిటి, రోగానికే ఇంత ఆకలి" అని కళ్ళు తుడుచుకుంది.

"తింటే రోగం, తినకపోతే రోగం. ఏం చెయ్యమంటావే?" అంది నబోసా నోటినిండా పెట్టుకుని.

గురువారం పొద్దున ఫోను మోగింది. "ఒకసారి ఇద్దరూ రండి" అన్నాడు ముసావో. అంతే అన్నాడు. మంచి కబురైతే ఫోనులోనే చెప్పేవాడు గదా అని నంతాలే దారి పొడుగునా బోడా అనే అద్దె మోటారుసైకిలు వెనక కూర్చుని గొణుక్కుంటూనే ఉంది. బండి నడిపే కుర్రాడు రెండుసార్లు వెనక్కి తిరిగి, "అమ్మా, ప్రార్థన చేస్తున్నారా, నన్ను తిడుతున్నారా?" అని అడిగాడు.

ముసావో కాగితాలు ముందు పెట్టుకున్నాడు. "ముక్కులోంచి తీసినదాంట్లో పురుగు కనపడింది."

"పురుగా!" నంతాలే కెవ్వుమంది. వాళ్ళ వైపు పురుగు అంటే ఎవరికైనా ముందు తట్టేది ఒక్కటే, మందు జీవితాంతం మింగాల్సిన ఆ ఎయిడ్స్ పురుగు. "నా పిల్ల ఎవరి వంకా కన్నెత్తి చూడదు బాబూ!"

"ఆ పురుగు కాదమ్మా! జలుబు పురుగు. వారంలో దానంతటదే పోతుంది. ఆ పురుగు ఈ పురుగు అని ముందు చెప్పకపోవడం నాదే పొరపాటు, కూర్చోండి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "రక్తం కేక వేసింది దానివల్లే అనుకున్నాను. కానీ గళ్ళలో టీబీ కనపడింది. బోలెడంత. అమ్మాయిని చూస్తే నాకే నమ్మబుద్ధి కావడం లేదు."

నంతాలే నేల మీద చతికిలబడింది. అక్క ముఖం కళ్ళ ముందు కదిలింది. ముందు వరస, డప్పు, నడుముకు కట్టిన మేకతోలు, అన్నీ ఒక్కసారే.

నబోసా పక్కన కూర్చుంది. తల్లి చెయ్యి పట్టుకుంది. మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆ డబ్బా ఎవరిదే?"

నంతాలే కూతురి వంక చూసింది. ముసావో వంక చూసింది. తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నాది" అంది. తరవాత, "నాది!" అంది. తరవాత లేచి నిలబడి, తల వెనక్కి విరిచి, నాలుక ఆడిస్తూ, పెళ్ళివాళ్ళు గడపలోకి వచ్చినప్పుడు వేసే కేక వేసింది. "ఆయియియియీ!"

బయట వరసలోని ఆడవాళ్ళు ఏమీ తెలియకుండానే కేక అందుకున్నారు. అలవాటు అలాంటిది. ఒకావిడ తలుపులోంచి తల పెట్టి, "మగపిల్లాడా?" అంది.

"టీబీ!" అంది నంతాలే పొంగిపోతూ. "నాకు! పిల్లకు కాదు, నాకే!"

ముసావో తల పట్టుకున్నాడు. ముందు నవ్వాడు, తరవాత నిజంగానే కోప్పడ్డాడు. "నవ్వులాట కాదమ్మా. ఆ పిల్ల అడక్కపోతే ఏమయ్యేది? రోగం లేని పిల్లకు ఆరునెలలు మందులు పోసి, రోగమున్న మిమ్మల్ని కుంపటి ముందుకు పంపేవాణ్ణి. ఈ దగ్గు ఎప్పటినుంచి?"

"పొగదండీ..."

"ఈస్టరుకు ముందునుంచి" అంది నబోసా. "రాత్రిళ్ళు చెమటలు. గుడ్డ వదులైపోతే పిన్నీసు పెట్టుకుంటోంది. అడిగితే పొగ, దిగులు."

"పిల్లకు రాదుగా బాబూ?" అంది నంతాలే.

"ముందు మీ సంగతి! మందు శ్రద్ధగా మింగితే తగ్గిపోతుంది. అమ్మాయికి రాకుండా కూడా మాత్రలిస్తాం. కానీ ఇప్పుడు నాకు ఆమె గళ్ళ కావాలి. ఆమెదే."

నబోసా డబ్బా తీసుకుంది. ఈసారి మోకాళ్ళ మీద వంగలేదు. పనసచెట్టు కింద, అరుగు నిండా జనం చూస్తుండగా, పాదాలు ఎడం చేసి ఆటకు నిలబడ్డట్టే నిలబడింది. తల్లి దూరంనుంచి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, "అడుగునుంచి! అడుగునుంచి!" అంటోంది. నబోసా కాండ్రించిన చప్పుడుకు కొమ్మ మీది కొంగ లేచిపోయింది. అరుగు మీది జనం చప్పట్లు కొట్టారు.

సాయంత్రానికి తేలింది. పిల్ల గళ్ళలో టీబీ లేదు. జలుబే. తల్లికి ఆ ఇంకో పురుగు లేదని కూడా చూసి చెప్పారు. నంతాలే రక్తం కూడా పరిశోధనలోకి తీసుకున్నారు. ఆ రక్తం వేసిన కేక నిజం కేకేనట. "నా జన్మలో ఒక్కసారైనా నిజం కేక వేశాను" అంది ఆమె జజ్జాతో, గర్వంగా.

శనివారం నంతాలే ఎంపిగి వెళ్ళకూడదు. కొన్నాళ్ళు గుంపుల్లోకి పోవద్దన్నారు. కుంపటి జజ్జాకు అప్పగించి, దానికి కాస్త ఎడంగా, రోడ్డు పక్కనే ఉన్న ఇంటి ముందు ఆరుబయట పీట వేసుకుని, నోటికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. జట్టు వాను రోడ్డు మీద వస్తుంటే చెయ్యి ఊపడానికి లేచింది.

వాను పోలేదు, ఆగింది. పిల్లలందరూ దిగారు. డప్పులు దిగాయి. నబోసా నడుముకు మేకతోలు కట్టుకుని ముందు వరసలో నిలబడింది. రోడ్డుకు ఆ పక్కన, తల్లి మీది గాలి తమవైపు రాని చోట చూసుకుని మొదలుపెట్టారు. బస్సు దిగినవాళ్ళు గోంజా చేతిలో పట్టుకుని మూగారు. నడుములు తిరుగుతున్నాయి, దుమ్ము లేస్తోంది, నబోసా పాట మధ్యలో దగ్గకుండా గొంతెత్తింది.

"అమ్మా! మాత్ర వేసుకున్నావా?"

వెనక వరస అదే పాట అనుకుని అందుకుంది. "మాత్ర వేసుకున్నావా? మాత్ర వేసుకున్నావా?" డప్పులవాడు దరువు కలిపాడు.

"వేసుకున్నానే!" అని నంతాలే అరిచింది.

"నోరు తెరిచి చూపించు!"

"ఆ పిల్లకు నీ గొంతే వచ్చింది" అని జజ్జా కడుపు పట్టుకుని నవ్వింది.

ఆట అయ్యాక అందరూ ఎక్కారు. నంతాలే గుడ్డ వెనకనుంచే కేక వేసింది, గుడ్డ గాలిపటంలా ఎగిరింది. వాను కదిలి, మలుపు తిరిగి, కనుమరుగయ్యేదాకా నవ్వుతూనే నిలబడింది. అప్పుడు జజ్జావైపు తిరిగింది.

"జజ్జా, ఆ వానుకు బ్రేకులు సరిగ్గా ఉన్నాయంటావా?"