కలాయి లేని లోహం

పెద్ద వంటల రాగి దేగిశలో ఇసుక పోసి, రెండు కాళ్లూ అందులో పెట్టి, ఎడమ చేత్తో గోడ పట్టుకుని నడుమును అటూ ఇటూ తిప్పుతున్నాడు యాసిన్. కిలుము రాలి రాగి ఎర్రగా తేలుతోంది. కుడి చెయ్యి మెడకు కట్టిన రుమాలులో ఛాతీకి ఆనుకుని ఉంది. ముంజేతికి చుట్టిన గుడ్డ మీది పసుపు మరక పొద్దుటికన్నా పెద్దదైంది.

రెండేళ్ల కింద సైకిలు మీంచి పడి చెయ్యి విరిగితే వరంగల్‌లో లోపల ఉక్కు ప్లేట్లు వేసి మరలు బిగించారు. నిరుడు మచ్చ పక్కన సన్నటి రంధ్రం పడి చీము కారసాగింది. ప్లేట్లకు క్రిములు పట్టాయి, తీసేయాలి, ఆలస్యమైతే విషం రక్తంలోకి పోతుందన్నాడు డాక్టరు. తీశాక ఈ చెయ్యి మళ్లీ పనికొస్తుందా అని యాసిన్ అడగలేదు.

స్టీలు గిన్నెలొచ్చాక ఘన్‌పూర్‌లో కలాయి అనే తగరం పూత పెట్టించడానికి అతన్ని పిలిచినవాళ్లు లేరు. తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు మొదలయ్యాకే అటకల మీది దేగిశలు దిగివచ్చాయి. ఈ నెలలోనే పదకొండు.

పోశాలు గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఇవాళ్టి వంట అతనిదే. "యాసినన్నా, రెండిట్ల పప్పు ఉడుకుతాంది. మూడోది?"

"పొద్దుగూకేటాలకిస్త. రేపటికే గదా."

"చెయ్యెట్లున్నది?"

"తెలంగాణ అచ్చినంక చూపించుకుంట."

"గట్లయితే ఢిల్లోళ్లు నీ చేతిని గూడ నానబెడతరు!"

ఇద్దరూ నవ్వారు.

దేగిశ కాగాక తెల్లటి నవసాగరం పొడి చల్లి, తగరం రుద్ది, దూదితో తుడిచాడు. వెండిలాంటి తెలుపు పాకింది. సగమయ్యేసరికి వణుకు పుట్టింది. భార్య రషీదా వచ్చి నుదురు తాకి, కట్టు విప్పింది. పుండు నిండా తెల్లటి పొడి.

"ఇదేంది?"

"నవసాగరమే. లోపలున్నది కలాయి లేని లోహం, రషీదా. కిలుము పట్టింది. మురికి పోతే తేటగైతది."

"మనిషివా, గిన్నెవా?" అంది. చెంబుతో నీళ్లు తెచ్చి మెల్లగా కడిగింది.

దవాఖానకు పోదామంటే సమ్మెతో బస్సుల్లేవు. ఆటో దొరికింది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, భోజనాల బంతులు. యాసిన్ ముఖం చూసి పోశాలు కేకేశాడు. తింటున్నవాళ్లు విస్తళ్లతోనే లేచారు. నలుగురు, ఉడుకుతున్న దేగిశల చెవుల్లో కట్టెలు దూర్చి పక్కకు జరిపారు. ఎవరో రషీదా చేతిలో మంచినీళ్ల సీసా పెట్టారు.

యాసిన్ తలెత్తాడు. "పప్పు కిలుముకొట్టిందా, పోశాలు?"

"లేదన్నా. మస్తుగున్నది."

"నాకింత ఉంచు" అని, భార్య భుజం మీద తల వాల్చాడు.

దవాఖాన మెట్ల దగ్గర ఆమె లేపితే లేవలేదు.

నలభై రోజులు గడిచాక పోశాలు మూడో దేగిశ కోసం వచ్చాడు. రషీదా కొలిమి వైపు చూపించింది. అతను వంగి లోపలికి చూసి, ఎత్తకుండానే వెళ్లిపోయాడు. దేగిశ లోపల సగం తెల్లగా మెరుస్తోంది. మిగిలిన సగంలో, ఎర్రటి రాగి మీద, అప్పుడే సన్నగా పచ్చటి కిలుము.