మనుషుల క్రౌను

నలభై ఒకటో పన్ను దగ్గర వేలు ఆపి, రామప్ప మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఇరవై రెండేండ్లుగా క్రౌను పళ్ళు లెక్కపెడుతున్నవాడికి లెక్క తప్పుతుందా? తప్పదు. పని ఆలస్యం కావాలని ఉంది, అంతే.

చిలమత్తూరులో ఆయన ఇంటిముందు, రేకుల నీడలో, జగదీష్ పికప్పు వెనకభాగం బండరాళ్ళ మీదికెక్కి ఉంది. విప్పిన చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే పెట్టె విప్పి, లోపలి పెద్ద పళ్ళచక్రాన్ని తీసి గోనెపట్టా మీద పెట్టాడు. అదే క్రౌను. దాన్ని తిప్పే చిన్నది పినియను. మూడు గంటలకల్లా వీటి స్థానంలో వేరే జత కూర్చోవాలి. కూర్చుంటే నాలుగింటికి బండి పద్నాలుగు మంది కూలీలను ఎక్కించుకొని బెంగుళూరు పోతుంది. ఆ పద్నాలుగు మందిలో రామప్ప పెండ్లాం కుళ్ళాయమ్మ ఒకతె.

ఆయన పోలేడు. ఆరేండ్ల కిందట జాకీ జారి లారీ ఎడమకాలి మీద పడింది. పోయిన నెల బిల్డింగు మేస్త్రీ వచ్చి, ఆయన నడక చూసి, "ఆయమ్మ ఒకతే వస్తే సాలప్పా" అనేసి పోయాడు. పోనీ ఉన్న ఊళ్ళోనే మెకానిక్కు పని చేసుకుందామా అంటే, మూడేండ్లుగా చెనక్కాయ పండింది లేదు. పంటే లేనప్పుడు బండ్లు తిరిగి ఏం మోస్తాయి? నెలకొక బండి వాకిట్లోకి రావడమే గగనమైపోయింది.

ఈ బండికి ఈ నలభై ఒక్క పళ్ళ పాత క్రౌను వేసిందీ ఆయనే. అప్పట్లో జగదీష్ నాయన చెనక్కాయ బస్తాలు కుక్కి పెనుకొండ మిట్టలెక్కించేవాడు. ఆ బరువుకు బలం కావాలని, ఇంజను నుంచి వచ్చే షాఫ్టు ఐదుసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగే జత వెదికి వేశాడు రామప్ప. నిదానంగా పోయేదిగానీ ఏ మిట్టలోనూ నిలబడింది లేదు. ఇప్పుడు జగదీష్ హిందూపురంలో పాత సామాన్ల గుజిరీ గాలించి ముప్పై ఏడు పళ్ళ క్రౌను, తొమ్మిది పళ్ళ పినియను తెచ్చాడు. షాఫ్టు నాలుగు తిరిగితే చాలు, చక్రం ఒకటి తిరుగుతుంది.

"బస్తాలకైతే బలం కావల్ల రామప్పన్నా. మనుషులకు స్పీడు సాలు. మనుషులేం బరువు?" అన్నాడు పొద్దున బండి అప్పగిస్తూ. ఆ పిల్లవాడు నవ్వుతూనే అన్నాడు. రామప్ప మాత్రం ఆ మాటను మధ్యాహ్నం దాకా మింగలేకపోయాడు.

బేరింగులు కడిగి, కొట్టి, బిగించాడు. ఇక పినియను వెనక షిమ్ము వేయాలి. కాగితమంత పలుచని ఇనుప బిళ్ళ. అది లేకపోతే పళ్ళు సరిగా కరవవు. కొడికొండ చెకుపోస్టు దాటకముందే ఇరుసు ఊళపెడుతుంది, బండి వెనక్కి తిరగాల్సిందే. రామప్ప ఆ బిళ్ళను రెండు వేళ్ళ మధ్య పట్టుకొని తిప్పాడు. ఎవరికి తెలుస్తుంది?

"ఇంత కుంకుమ తీసుకురా" అని లోపలికి కేకేశాడు. ఆముదంలో కుంకుమ కలిపి పళ్ళకు పూసి తిప్పితే, పన్ను పన్నును కరిచిన చోట రంగు చెరుగుతుంది; పన్ను నడుమ చెరిగితే జత కుదిరినట్టు. హిందూపురం మెకానిక్కులు నవ్వినా ఆయన పద్ధతి అదే.

కుళ్ళాయమ్మ మూతలో వేసుకొని తెచ్చింది. "అయిపోయినట్లేనా?"

"ఈ బిళ్ళ యెయ్యకుంటే బండి తిరుక్కోని వస్తాది" అన్నాడు, ఆమెవైపు చూడకుండా.

ఆమెకు అర్థమైంది. ఇరవయ్యేండ్ల కాపురం, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పక్కనే గొంతుక్కూర్చుంది.

"వచ్చి, మళ్ళా రేపు పోతాది. అంతే కదయ్యా?"

"నువ్వు పోవద్దు."

"పోకుంటే ఏం తిందాం?"

కోపంగా అడిగి ఉంటే ఆయనా ఏదో ఒకటి అనేవాడు. నిజంగానే అడిగింది. రామప్ప బిళ్ళకంటిన నూనె తుడిచాడు.

"పద్నాలుగు మందిమి కూసుంటాం దాంట్లో. సరింగా బిగించు" అని లేచిపోయింది.

షిమ్ము వేశాడు. రంగు పన్ను అంచున చెరిగింది. విప్పి, ఇంకో పలుచని బిళ్ళ చేర్చాడు. మూడోసారికి గుర్తు సరిగ్గా పన్ను నడుమ పడింది. ఛీ, ఏం చేతులివి! ఒక్కరోజు తప్పుపని చేయమంటే వాటికి చేతకాలేదు.

నాలుగింటికి జగదీష్ వచ్చాడు. కూలీలు ఎక్కారు. కుళ్ళాయమ్మ వైరుబుట్ట, చుట్టిన చాప పైకందించి, తానూ ఎక్కి, "కాలికి నూనె రాసుకో, మరువద్దు" అంది. అంతకు మించి ఏం మాట్లాడుకుంటారు, అంతమంది ఎదుట?

తాను చేసిన బండి ఏదైనా సరే, మలుపు తిరిగేదాకా దాని ఇరుసు రొద వినడం రామప్పకు అలవాటు. ఎంత బాగా చేసినా కొంచెం రొద ఉంటుంది. ఈ బండికి లేదు. ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. పంచాయతీ ఆఫీసు మలుపు దగ్గర దుమ్ము కూడా అణిగిపోయింది. తన జన్మలో ఇంత మంచి పని చేయలేదు, ఇంత తొందరగా ఏ బండీ తనను దాటి పోలేదు. రేకుల కింద నిలబడి ఏడ్చాడు.

చేతుల మడ్డి కడుక్కుందామని నీళ్ళతొట్టి దగ్గరికి పోయాడు. బట్టలుతికే రాతి మీద కొత్త సబ్బుకడ్డీలో సగమే ఉంది; రెండో సగం వైరుబుట్టలో పోయింది. కోసిన దారం ఇంకా దానికే అంటుకొని ఉంది.