జానెడు ఈక

ఆరిన దుప్పటి మడతపెడుతుంటే అందులోంచి ఒక ఈక జారి ఆమె పాదాల మీద పడింది. మామూలుగా అయితే చీపురుతో అవతలికి నెట్టేసేది. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లుగా ఊడ్చిపారేసిన ఈకలన్నీ దాచి ఉంటే ఈపాటికి రెండు పరుపులయ్యేవి. ఈ ఆదివారం మాత్రం వంగి తీసింది. వంగిన పాపానికి దగ్గు తెరలు తెరలుగా తన్నుకొచ్చింది. అది దయతలచి వదిలేదాకా గోడ పట్టుకుని నిలబడింది.

ఆర్నెల్లుగా ఇదే దగ్గు. మొన్న డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "రోజూ ఏదో దుమ్ము పీలుస్తున్నారు. ఏం పని చేస్తారు? ఇంటి దగ్గర పక్షులున్నాయా, ముఖ్యంగా పావురాలు?" అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న భర్త అందుకున్నాడు. "చొక్కాల కంపెనీలో చెకింగ్ పనండీ, ఒకటే నూలు దుమ్ము. బాల్కనీలో నేను గింజలు వేస్తాను గానీ, వచ్చేవన్నీ పిచ్చుకలే." దుమ్ము ఎక్కడిదో తేల్చుకుని దానికి దూరంగా ఉండండి, లేకపోతే ఉన్న ఊపిరి కూడా తగ్గిపోతుంది అని చెప్పి పంపించింది డాక్టరమ్మ. ఇల్లు చేరేలోపే ఆయన తేల్చేశాడు. "సోమవారం రాజీనామా ఇచ్చెయ్. ఇంటిపట్టున ఉంటే అదే తగ్గుతుంది." అత్తగారు వంతపాడింది. "అదృష్టవంతురాలివే అమ్మాయ్. మానెయ్యమనే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

మానెయ్యడమా! కంపెనీలో అందరూ ఆమెను డేగకన్ను అక్కా అని పిలుస్తారు. ఒక్క వంకర కుట్టు ఆమె కన్నుగప్పి పోలేదు. ఇంట్లో ఆమె మాటకి దిక్కులేదు గానీ, అక్కడ ఆమె ఊహూఁ అంటే పెట్టెలకి పెట్టెలు ఆగిపోతాయి. పద్దెనిమిదేళ్లుగా రోజులో ఆ ఎనిమిది గంటలే ఆమెవి. అవీ పోతే ఇక మిగిలేది ఈ చీపురే.

ఈకని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది, చొక్కాని పట్టుకున్నట్టే. ఇంచుమించు జానెడుంది. కాడకి ఒక పక్క సన్నగా, రెండో పక్క వెడల్పుగా ఉంది కాబట్టి రెక్కదే. రంగు బూడిద, కొసకి వచ్చేసరికి నలుపు. కాకిదైతే ఆసాంతం నిగనిగలాడే నలుపుండేది. ముదురు నీలం దుప్పటి మీద దాన్ని రుద్దింది. తెల్లటి పొడి చారలా పడింది. ఈ పొడి ఆమెకి కొత్తేం కాదు, రోజూ బాల్కనీ తలుపు అద్దం మీద తుడిచేది ఇదే. పొద్దున ఏడింటికి ఆయన గింజలు చల్లి, పిచ్చుకలని వీడియో తీసుకుని లోపలికి వచ్చేస్తాడు. అపార్ట్‌మెంట్ అంతా ఆయన్ని పిచ్చుకల మాస్టారు అంటుంది. ఆయన ఇటు లోపలికి రాగానే అటు పావురాల దండు దిగుతుంది. అప్పటికి బాల్కనీలో ఉండేది ఆమె, చీపురు, బకెట్టు. ఆయనకి కనిపించేది పిచ్చుకలు, ఆమెకి కనిపించేది రెట్ట. పావురాలొస్తున్నాయండీ అని ఎన్నిసార్లు చెప్పినా, "నీకు పిచ్చుకకీ పావురానికీ తేడా తెలిస్తేగా!" అని నవ్వేసేవాడు.

ఈక తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. "ఇది పావురానిదండీ."

"పిచ్చుకదే అయ్యుంటుంది," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఈకే జానెడుంటే పిచ్చుక ఎంతుండాలి? కోడంతా?"

అప్పుడు తలెత్తాడు. "అయితే కాకిది."

"బూడిదరంగు రెక్కల కాకినెక్కడ చూశారు? ఒకసారి ముట్టుకోండి, పొడెలా రాలుతోందో. నేను పీలుస్తున్నది ఇదే. కంపెనీ దుమ్ము కాదు."

ఆయన వేళ్లకి అంటుకున్న పొడిని లుంగీకి తుడుచుకున్నాడు. "సరే, పావురమే అనుకో. అయితే ఏంటిప్పుడు? నోరులేని జీవాలు. గింజలు మానేస్తే ఎక్కడికి పోతాయి, పాపం? నువ్వంటే ఇంట్లో కూర్చోగలవు."

రుజువు దొరికితే చాలనుకుంది, పిచ్చిమొహం. ఆయన పావురాలకి పంచిన ఆ పాపంలో ఆమె వంతుకి చిటికెడు కూడా రాలేదు. అరవాలనిపించింది గానీ, అరవడానికి కూడా ఊపిరుండాలి. గదిలోకి వెళ్లి అక్కకి ఫోన్ చేసింది. నాలుగు జతల బట్టలు, మందుల కవరు, కంపెనీ గుర్తింపు కార్డు సంచిలో సర్దుకుంది.

"అక్క దగ్గరికి వెళ్తున్నాను. కంపెనీ బస్సు వాళ్ల వీధిలోంచే వెళ్తుంది. రేపు డ్యూటీకి అక్కణ్నుంచే పోతాను," అంది.

"ఎన్నాళ్లే?" అంది అత్తగారు బిత్తరపోయి.

"ఊపిరాడేదాకా."

చెప్పులేసుకుంటుంటే ఆయన గుమ్మందాకా వచ్చాడు. ఆయన మొహంలో నిజంగానే కంగారుంది. అది చూసి ఆమె ఆగింది. ఇంత జరిగాక కూడా ఒక్క మంచి మాట కోసం ఆశపడింది.

"మరి బాల్కనీ ఎవరు ఊడుస్తారు?" అన్నాడు.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న పుట్టడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.