మేమే ఫోన్ చేస్తాం

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. నేను ఆయన వెనక పనిముట్ల సంచీ మోస్తూ అడగని సలహాలిస్తుంటాను. లిఫ్టులు ఆగిపోవడానికి వేళాపాళా ఉండదు గనక బావ ఇల్లు చేరేసరికి మా మేనకోడలు నిద్రపోతుంటుంది. అందుకే పెద్దాసుపత్రిలో పగటి ఉద్యోగం ఉందంటే ఒక ఏజెన్సీ ద్వారా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. ఆ తర్వాత బావ ఎప్పుడడిగినా ఏజెన్సీ మేడమ్ నోటి నుంచి రాలిన ముత్యం ఒక్కటే: "మీ విషయం పరిశీలనలో ఉందండీ, మేమే ఫోన్ చేస్తాం." చేస్తేగా! "ఫోన్ వచ్చిందా?" అని రోజూ అక్క అడగడం, బావ తల అడ్డంగా ఊపడం, నాకు ఒళ్లు మండడం.

నిన్న ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిందంటే పరుగెత్తాం. లోపల ఎవరో ఆవిడ తలుపు బాదుతోంది. బావకో నియమం ఉంది. లోపల మనిషి ఉంటే చేతితోపాటు నోరూ ఆడుతుండాలి.

"కంగారు పడకండమ్మా, లోపలికి గాలి బాగానే వస్తుంది. నేను పైకెళ్లి మోటారు చూస్తాను. మా బావమరిది ఇక్కడే ఉండి మాట్లాడుతుంటాడు."

"ఇంకెంతసేపండీ?" అందావిడ.

ఆ గొంతు! బావ ఫోన్లో ఎన్నిసార్లు విన్నానో. గోడ మీది బోర్డు చూశాను, అదే ఏజెన్సీ. నా పంట పండింది.

"మీ విషయం పరిశీలనలో ఉంది మేడమ్. ఏదైనా ఉంటే మేమే చెప్తాం," అన్నాను.

బాదుడు ఠక్కున ఆగింది. రెండు మెట్లెక్కిన బావ దిగొచ్చి నా నెత్తిన మొట్టికాయ వేశాడు. "బుద్ధుందా? ఆవిడ చీకట్లో హడలిపోతుంటే!"

"అది నా మాటే కదూ," అంది లోపలి గొంతు మెల్లగా. "ఎవరండీ మీరు?"

బావ మొహమాటపడ్డాడు. నాకలాంటివి లేవు. ఆసుపత్రి, ఇంటర్వ్యూ, అక్క, మేనకోడలు, అన్నీ తలుపు సందులోంచి లోపలికి కుక్కేశాను.

ఆవిడ ఫోన్లో వెతుక్కుంది కాబోలు.

"అయ్యయ్యో! ఆసుపత్రివాళ్లు మిమ్మల్ని ఎప్పుడో తీసుకున్నారండీ. వచ్చే నెల ఒకటో తారీకున చేరమన్నారు. నేనే చెప్పడం మర్చిపోయాను. క్షమించండి."

కడిగేద్దామని నోరు తెరిస్తే నవ్వొచ్చింది. అంత కోపం ఎటు పోయిందో తెలీదు.

బావ మెట్టు మీద కూలబడి అక్కకి ఫోన్ కలిపాడు. ఫోన్ చెవికి ఆనించుకుని రెండో చేత్తో మొహం కప్పుకున్నాడు. అవతల అక్క "ఏమండీ, ఏమైందండీ?" అంటోంది.

"హలో, ఉన్నారా?" లోపల్నించి మేడమ్. "ఏదో ఒకటి మాట్లాడండి, భయమేస్తోంది!"

నేను తలుపు దగ్గరికి జరిగాను.

"ఉన్నాం మేడమ్, ఎక్కడికీ పోలేదు. గాలి వస్తోందిగా, కంగారు పడకండి. మా బావ ఏడుస్తున్నాడు. కళ్లు తుడుచుకోగానే మోటారు దగ్గరికి వెళ్తాడు."