బొమ్మల పరీక్ష

మా అత్తయ్య దృష్టిలో పరీక్షంటే పాసవ్వాల్సిందే. అది దేనికి పెడుతున్నారన్నది ఆవిడకు అనవసరం.

నా కూతురికి నాలుగేళ్ళు. ఆకలేసినా, నొప్పి పుట్టినా నోటితో చెప్పడం రాదు. మన చెయ్యి పట్టుకుని లాగుతుంది, మనకు అర్థం కాకపోతే ఏడుస్తుంది. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి మాటలు" అని అత్తయ్య ఎప్పుడూ పాడే పాట. ఆ పాట వింటూనే స్పీచ్ థెరపీ సెంటర్ చుట్టూ ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగాను. పరీక్షలో నిజంగా అవసరం ఉందని తేలిన పిల్లలకే అక్కడ చోటు.

చివరికి పిలుపొచ్చింది. థెరపిస్టు బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించింది. పాప టకటకా చెప్పేసింది. "కుక్క. బంతి. చెంచా. గొడుగు." ప్రతి మాటకూ వెనక్కి తిరిగి నానమ్మ మొహం చూసింది. మూల కుర్చీలో అత్తయ్య తలూపుతూ మురిసిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాగానే మాట్లాడుతోందిగా! అవసరం ఉన్నవాళ్ళు బయట చాలామంది ఉన్నారమ్మా," అంది థెరపిస్టు, అట్టలు సర్దుతూ.

"మేడమ్, ఆ బొమ్మలు తీసేసి ఇంకేదైనా అడగండి. దాహమేస్తోందా అని అడగండి."

"ఎలా చూడాలో మాకు తెలుసు. తర్వాతివాళ్ళని పంపండి."

వరండాలోకి రాగానే అత్తయ్యను నిలదీశాను. నేను పనికి వెళ్ళాక రోజూ పిల్లని కూర్చోబెట్టి నేర్పిందట. పక్కింటావిడ తన మనవణ్ణి ఇదే సెంటర్‌కు తెస్తుంది. ఏ బొమ్మలు చూపిస్తారో ఆవిణ్ణి అడిగి మరీ నేర్పిందట.

"పిల్ల ఫెయిలైతే నీకు సంతోషమా?" అని ఎదురు నా మీదే ఎగిరింది.

"అవును, ఫెయిలవ్వాలనే తెచ్చాను! లోపలికి వెళ్ళి మీరు చేసిన నిర్వాకం ఆవిడకి చెప్పండి."

"నా మనవరాలికి మాటలు రావని నా నోటితో చెప్పాలా? చచ్చినా చెప్పను."

మేం ఇలా అరుచుకుంటుంటే పాప నానమ్మ చెయ్యి లాగడం మొదలుపెట్టింది. "ఏమ్మా? నీళ్ళా? బిస్కెట్టా? ఇంటికెళ్దామా?" అని అత్తయ్య అడుగుతూనే ఉంది. పాప ఇంకా గట్టిగా లాగింది, ఏడ్చింది, కాళ్ళు దగ్గరికి నొక్కుకుంది. నాకు అర్థమై ఎత్తుకోబోయేలోగా గౌను తడిసిపోయింది. బెంచీల మీదివాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

అత్తయ్య తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది.

"దానికి మాటలు రావు," అంది, వరండా అంతా వినిపించేలా. "ఆ బొమ్మల పేర్లు నేనే బట్టీ పట్టించాను. ఒంటేలు వస్తోందని చెప్పడం కూడా రాదు."

ఆ మాట ఆవిడ నోట వినడానికే ఇన్నాళ్ళూ ఇంట్లో కొట్లాడాను. విన్నాక మనసు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

థెరపిస్టు గుమ్మం దాకా వచ్చి పాప గౌను చూసింది. అయినా గొంతులో కరుకు తగ్గలేదు. "రేపు పొద్దున్న మళ్ళీ తీసుకురండి. బొమ్మల్లేకుండా చూస్తాను. ఈ పెద్దావిణ్ణి మాత్రం ఇటు రానివ్వకండి."

అత్తయ్య బయటికొచ్చి నా వైపు చూసింది, తన తరఫున ఒక్క మాటైనా అంటానేమోనని. పాప పరుగున వెళ్ళి ఆవిడ వేలు పట్టుకుంది.

"రానివ్వను మేడమ్," అన్నాను. పాప చేతిని ఆవిడ వేలి నుంచి విడదీసి ఎత్తుకున్నాను.