చిట్టియ్యగారి పాళీ

ఆ పెన్ను చేతికి వచ్చిన రోజున ఐజాక్ అంత అదృష్టవంతుడు రావులపాలెం మొత్తమ్మీద లేడు. కనీసం అతను అలాగే అనుకున్నాడు, పాపం.

చిట్టియ్యగారు పేరుమోసిన దస్తావేజు లేఖరి. ఐజాక్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. కంప్యూటర్లొచ్చాక అందరిలాగే అతనూ కీబోర్డు ముందు కూలబడ్డాడు గానీ, ప్రింటరు కక్కే కాగితం చూస్తే అతనికి తృప్తిగా ఉండేది కాదు. గురువుగారు కాలం చేశాక ఆయన భార్య పిలిచి ఆ పెన్ను చేతిలో పెట్టింది. రాజమండ్రిలో పట్టుబట్టి చేయించుకున్న నల్ల ఎబొనైట్ పెన్ను, బొటనవేలంత లావు. జన్మంతా ఒకే చేతిలో అరిగి పాళీ ఎడమ పక్కకి ఏటవాలుగా తేలిపోయింది.

అలాంటి పాళీ కొత్త చేతికి లొంగదు. గీరుతుంది, సిరా వదలదు. ఐజాక్ మొదట విసుక్కున్నాడు. తర్వాత మణికట్టు కాస్త వంచి, గురువుగారు పట్టుకున్నట్టే పట్టుకుని చూశాడు. అంతే, సిరా నూనెలా జారింది. కాగితం మీద పాళీ చేసే ఆ సన్నటి చప్పుడుకి ఒళ్ళు పులకరించింది. ఇక చేతికి పని కావాలి. చర్చిలో పాడే కీర్తనలు రాశాడు, సరుకుల చీటీలు రాశాడు, ఏమీ తోచకపోతే చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి అని అరటిపళ్ళ పేర్లు రాశాడు. కొన్నాళ్ళకి చూసుకుంటే అది తన రాత కాదు, అచ్చం చిట్టియ్యగారిదే. మురిసిపోయాడు. ఒకరోజు బాల్‌పెన్నుతో తన పాత రాత రాయబోతే అది రాలేదు. ఆ పూట కొంచెం గుబులేసింది. గుబులుపడుతూనే మళ్ళీ ఆ పెన్నే అందుకున్నాడు.

భార్య రూబీకి మాత్రం ఇది నచ్చలేదు. పోయినాయన ఇంట్లో తిరుగుతున్నట్టుందని, ఆ పెన్ను ఎక్కడైనా పారెయ్యమని అంది. ఐజాక్ నవ్వేశాడు.

అప్పుడొచ్చాడు జోగేశ్వరరావు. అరటి మార్కెట్లో పెద్ద వ్యాపారి, మాట వెన్నలా ఉంటుంది. మొదట పెళ్ళి శుభలేఖల మీద పేర్లు రాయించుకున్నాడు. ఐజాక్ రాస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని తూకం చూసినట్టు చూశాడు. రెండోసారి వచ్చినప్పుడు ఐజాక్ కొట్టు షట్టరు సగానికి దించాడు.

ఈమధ్యే పోయిన తన తమ్ముడు బతికుండగా చిట్టియ్యగారితో వీలునామా రాయించుకున్నాడట. దాన్ని చెదలు తినేశాయట. టైపు కొట్టించి తెచ్చిన మేటర్ చేతికిచ్చాడు. ఇల్లూ కొబ్బరితోటా అన్నగారికి, భార్య మీనాకుమారికి తిండీ బట్టా. దాంతోపాటు పసుపెక్కిన పాత కాగితం కూడా పెట్టాడు.

"ఆయన రాసినట్టే, ఉన్నది ఉన్నట్టు రాయండి ఐజాక్ గారూ. సంతకాల చోటు మాత్రం వదిలెయ్యండి."

నకలైతే పైన నకలు అని రాయాలి. సంతకాలు చేసినవాళ్ళ పేర్లు కూడా దించాలి. ఆ మాత్రం తెలియనివాడు కాదు ఐజాక్. కానీ వెధవ వేలు అప్పటికే కాగితాన్ని నిమిరింది. ఇలాంటి కాగితం ఇప్పుడెక్కడ దొరుకుతుంది, సిరాని పీల్చదు, పాకనివ్వదు. ఒక్క వరుస ఎలా వస్తుందో చూద్దామనుకున్నాడు. ఆ ఒక్క వరుసా అయ్యాక ఆగడం అతని వల్ల కాలేదు. చివర లేఖరి పేరు రాసే చోటుకి వచ్చి, చెయ్యి ఎక్కడా తడబడకుండా, 'దస్తూరి: చిట్టియ్య' అని రాసి తోక తిప్పాడు. జోగేశ్వరరావు సిరా ఆరేదాకా ఓపిగ్గా కూర్చుని, కాగితం పట్టుకెళ్ళాడు. పైన నకలు అని రాస్తానని ఐజాక్ అననేలేదు.

కొన్నాళ్ళకి మీనాకుమారి ఆ వీలునామా జిరాక్సు పట్టుకుని ఐజాక్ కొట్టుకి వచ్చింది. ఆవిడ ముఖం పీక్కుపోయి ఉంది. వీలునామా సంగతి భర్త తనతో ఎప్పుడూ అనలేదని చెప్పింది.

"చిట్టియ్యగారి చేతిరాత మీకన్నా తెలిసినవాళ్ళు లేరన్నారండి. ఆయన రాసింది కాదంటే కోర్టుకెళ్తాను. ఆయనదే అంటే ఇల్లు ఖాళీ చేసేస్తాను. మీరే చెప్పండి."

భయం వెయ్యాల్సిన చోట ఐజాక్‌కి ముందు గర్వం కలిగింది. జిరాక్సులో కూడా అక్షరం ఎంత నిండుగా ఉందో! సిగ్గు ఆ తర్వాత వచ్చింది. కాదంటే, మరి ఎవరు రాశారని అడుగుతారు. అలా రాయగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

"ఆయనదేనండి," అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. కాగితం మడిచి, సామాన్లు తీసుకెళ్ళడానికి ఆటో ఎవరిదైనా తెలుసా అని అడిగింది. ఆ మాత్రం సాయమైనా చెయ్యాలనిపించింది ఐజాక్‌కి. జేబులోంచి ఆ పెన్ను తీసి, చిన్న చీటీ మీద ఆటో ఏసురాజు పేరూ, వీధీ, ఫోన్ నంబరూ రాసిచ్చాడు. ఎంత తొందరలో ఉన్నా అక్షరం చెక్కినట్టు వచ్చింది.

మీనాకుమారి చీటీ అందుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగింది. దానివైపే చూస్తూ నిలబడింది. తర్వాత జిరాక్సు మడత విప్పి చీటీ పక్కన పట్టుకుంది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి పోల్చి చూసింది.

"చిట్టియ్యగారు పోయి ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగింది.